గీత దాటితే గది

బొమ్మలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు. గీతలు, చతురస్రాలు, రంగు పలకలు మాత్రమే ఉంటాయి. అలాంటి బొమ్మలోకి నడిచి వెళ్లే విద్య మనకు కొత్తది కాదు. ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబానికీ అది తెలుసు.

పునాది తవ్వేముందు ముగ్గు పోస్తారు. పొద్దున్నే మేస్త్రీ వచ్చి మూలల్లో మేకులు దిగ్గొట్టి దారం లాగి కడతాడు. మూలమట్టం పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు. తర్వాత గుప్పిట్లో సున్నం పొడి పట్టుకుని, దారం వెంబడి సన్నగా వదులుతూ వెనక్కి నడుస్తాడు. గంట తిరిగేసరికి ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు తేలతాయి. ఇంటివాళ్లకు తెలియాలని గుమ్మాలు వచ్చే చోట రెండేసి ఇటుకలు పెడతాడు.

మా ఇంటికి ముగ్గు పోసిన రోజు నాకింకా గుర్తు. గోడ లేదు, కప్పు లేదు. అయినా అమ్మ ఏ గీత మీదా కాలు పెట్టలేదు. రెండు ఇటుకల మధ్య నుంచి హాల్లోకి వచ్చింది. మరో రెండు ఇటుకల మధ్య నుంచి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి ఉండబోయే చోట నిలబడి, "ఇక్కడ నిలబడితే వెలుతురు నా వెనక నుంచి వస్తుంది మేస్త్రీ, నా నీడ గిన్నెల మీదే పడుతుంది" అంది. మేస్త్రీ వచ్చి పక్కన నిలబడి చూశాడు. "నిజమేనమ్మా, కిటికీ ఇటు పెడదాం" అన్నాడు. ఇంకా లేవని గోడలో ఇంకా లేని కిటికీని ఇద్దరూ కలిసి పక్కకు జరిపారు.

అమ్మ ఆర్ట్ గ్యాలరీ గడప తొక్కి ఎరగదు. కానీ ఆ పొద్దున ఆమె చేసిన పనే, జ్యామితీయ నైరూప్య చిత్రం ముందు నిలబడినవాళ్లు చేయాల్సిన పని. ఆ గీతలు దేని బొమ్మ అని ఆమె అడగలేదు. వాటి మధ్య తానెక్కడ ఉందో చూసుకుంది. ఎటునుంచి లోపలికి రావాలో, వెలుతురు ఎటునుంచి పడుతుందో, ఎక్కడ ఇరుకో, ఎక్కడ విశాలమో ఒంటితో కొలుచుకుంది.

గ్యాలరీల్లో చాలామంది ఇలాంటి బొమ్మల ముందు అర నిమిషం ఆగి, "ఇందులో ఏముంది?" అనుకుంటూ పక్కకు జరిగిపోవడం చూశాను. వాళ్లకు కళ తెలియదని నేననుకోను. రవివర్మ బొమ్మ ముందు అడగాల్సిన ప్రశ్న ఇక్కడ అడుగుతున్నారు, అంతే. ఇక్కడ అడగాల్సింది వేరు: "నేనెక్కడ నిలబడ్డాను?"

సగానికి కోసిన ఇల్లు

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు సగానికి కోసేసిన ఇళ్లను మన ఊళ్లన్నిటిలోనూ చూశాం. ముందుభాగం పడిపోయాక లోపలి గోడలు వీధిలోకి వచ్చి నిలబడతాయి. కింద వంటింటి పసుపు, దాని పక్కన పడగ్గది నీలం, పైన మరెవరి గదిదో గులాబి. పొయ్యి ఉన్నచోట నల్లటి చార, మెట్లు ఉన్నచోట ఏటవాలు గుర్తు. క్యాలెండర్ వేలాడినచోట మాత్రం రంగు నిన్న వేసినట్టు ఉంటుంది. ఒకరి బతుకంతా రంగు పలకలై వీధిన పడ్డట్టు ఉంటుంది ఆ గోడ.

చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ 1912లో నెదర్లాండ్స్ నుంచి పారిస్ వచ్చి మోంపర్నాస్ ప్రాంతంలో అద్దెకు దిగాడు. ఆ చుట్టుపక్కల పాత భవనాలు కూలుస్తున్నారు. అలా బయటపడ్డ గోడలను అతను నోటు పుస్తకంలో గీసుకున్నాడు. 1914 నాటి అతని అండాకారపు బొమ్మ ఒకటి న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. లేత గులాబి, నీలం, మట్టిపసుపు గళ్లు, వాటి మధ్య నల్లటి గీతలు. ఒకచోట 'KUB' (కుబ్) అని మూడే మూడు అక్షరాలు కనిపిస్తాయి. సూప్ బిళ్లల ప్రకటన అది, గోడ మీద ఉన్నదాన్ని ఉన్నట్టు దించాడు. ఆ అక్షరాలు కంటబడ్డాక బొమ్మ మొత్తం మారిపోతుంది. అప్పటిదాకా గళ్లుగా ఉన్నవి గదులవుతాయి.

తర్వాతి ఏళ్లలో మోండ్రియాన్ ఆ గుర్తులన్నీ తుడిచేశాడు. ఎరుపు, పసుపు, నీలం, నలుపు, తెలుపు మిగిలాయి. గీతలు నిలువూ అడ్డమూ తప్ప ఏటవాలుకు పోలేదు. కాన్వాసు వెనక మరో గది ఉందన్న భ్రమ కలిగించడం అతనికి ఇష్టం లేదు. దాంతో బొమ్మలోకి రానివ్వని గది బయట తయారైంది. ర్యూ ద్యు దెపార్ వీధి 26వ నంబరులోని తన స్టూడియో గోడలకు రంగు అట్టముక్కలు అతికించి, వాటిని అటూ ఇటూ జరుపుతూ ఉండేవాడు. 1930లో అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ అక్కడికి వెళ్లాడు. అతన్ని కదిలించింది విడి బొమ్మలకన్నా ఆ గదే. నైరూప్య కళ వైపు తాను తిరగడానికి ఆ సందర్శనే కారణమని తర్వాత రాసుకున్నాడు. మోండ్రియాన్ బొమ్మను నేల టైల్స్ తోనో చీర అంచుతోనో పోల్చి వదిలేసేవాళ్లు ఆ గదిని ఒకసారి తలచుకోవాలి. అతను అలంకరణ చేయలేదు. ఎలాంటి చోట మనిషి నిలబడితే మనసు కుదుటపడుతుందో జీవితమంతా వెతికాడు.

బొమ్మ ఎక్కడ వేలాడుతోందన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో కజిమీర్ మలేవిచ్ తన నల్ల చతురస్రాన్ని గోడ మధ్యన పెట్టలేదు. రెండు గోడలు కలిసే మూలన, పైకప్పుకు దగ్గరగా వేలాడదీశాడు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉండే చోటు అది. మన ఇళ్లలో ఈశాన్యం మూల ఎలాంటిదో వాళ్లకు ఆ మూల అలాంటిది. అక్కడ పెట్టగానే నల్ల చతురస్రం ఊరికే చతురస్రంగా ఉండలేదు.

కలవని పట్టాలు

రైలు పట్టాల మధ్య నిలబడి చూస్తే దూరాన రెండూ కలిసిపోయినట్టు కనిపిస్తాయి. యూరప్ చిత్రకారులు కొన్ని శతాబ్దాలపాటు భవనాలను ఈ పద్ధతిలోనే గీశారు. అందులో చూసేవాడికి ఒక చోటు ఖాయమైపోతుంది. నువ్వు ఇక్కడ నిలబడు, నీ కన్ను ఈ ఎత్తులో ఉండాలి అని బొమ్మే నిర్ణయిస్తుంది.

పట్టాలు కలవని పద్ధతి ఇంకొకటి ఉంది. మన సూక్ష్మచిత్రాలు చూడండి. మేడ అంచులు, తివాచీ అంచులు ఎంత దూరం వెళ్లినా సమాంతరంగానే ఉంటాయి. గోల్కొండ, హైదరాబాద్ చిత్రకారులు గీసిన మిద్దెలూ అంతే. మిద్దె నేల పైనుంచి కనిపిస్తుంది, దాని మీద కూర్చున్న మనిషి పక్కనుంచి కనిపిస్తాడు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ చదివినవాళ్లకు ఐసోమెట్రిక్ వ్యూ గుర్తుండే ఉంటుంది. అదీ ఈ కోవలోదే. అందులో కొలత చెడదు. దూరాన ఉన్న గోడ చిన్నదైపోదు. చూసేవాడికి ఒకే చోటంటూ ఉండదు.

1920ల మొదట్లో ఈ పద్ధతిని నైరూప్య చిత్రంలోకి గట్టిగా తెచ్చినవాడు ఎల్ లిసిట్‌స్కీ. అతను జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో భవన నిర్మాణం చదివాడు. 1919లో విటెబ్స్క్ కళాశాలలో పాఠాలు చెబుతూ 'ప్రౌన్' అనే పేరుతో ఒక వరుస బొమ్మలు మొదలుపెట్టాడు. చిత్రకళ నుంచి వాస్తుకళకు వెళ్లే దారిలో బండి మారే స్టేషన్ లాంటివి ఇవి అని అతని ఉద్దేశం. వాటిలో దూలాలు, పలకలు, వంపులు గాల్లో తేలుతుంటాయి. ఒక అంచు పట్టుకుని చూస్తే నేల అనిపించింది, ఇంకో అంచు పట్టుకుంటే గోడ అవుతుంది. 1923లో బెర్లిన్ ప్రదర్శనలో ఒక చిన్న గది ఇస్తే, బొమ్మను ఆ గది గోడల మీదుగా మూలలు తిప్పుకుంటూ నడిపించాడు. చూసేవాడు నడిస్తేనే అది పూర్తవుతుంది. అప్పటి గది మిగల్లేదు. దాన్ని మళ్లీ కట్టి నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ మ్యూజియంలో పెట్టారు.

గుమ్మం వెనక గుమ్మం

జోసెఫ్ ఆల్బర్స్ దగ్గరికి వచ్చేసరికి ఈ వ్యవహారమంతా ఒక్క ఆకారంలోకి ఒదిగిపోయింది. బౌహౌస్ కళాశాల 1933లో మూతపడ్డాక భార్య ఆనీతో కలిసి జర్మనీ వదిలి అమెరికా చేరాడు. 1935 నుంచి ఇద్దరూ పదిసార్లకు పైగా మెక్సికో వెళ్లారు. మోంటె అల్బాన్, మిట్లా, తెయోతివాకాన్ శిథిలాల మెట్లనూ గోడలనూ ఆల్బర్స్ వందల ఫొటోలు తీశాడు. అక్కడి పల్లెల్లో పచ్చి ఇటుకతో కట్టి, మట్టి మెత్తి, ముదురు రంగులు పూసిన ఇళ్లు అతని కంటికి ఆనాయి. 1947లో మొదలైన 'వేరియంట్' బొమ్మల్లో ఆ ఇంటి ముఖం తెలిసిపోతుంది. వెడల్పాటి గోడ, అందులో పక్కపక్కనే రెండు నిలువు దీర్ఘచతురస్రాలు. రాయలసీమ మట్టిమిద్దెల మధ్య పెరిగినవాళ్లకు వాటిని ఎవరూ వివరించక్కర్లేదు.

1950లో, అరవై రెండో ఏట, 'చతురస్రానికి నివాళి' మొదలుపెట్టాడు. 1976లో చనిపోయేదాకా అదే గీశాడు. చతురస్రంలో చతురస్రం, అందులో ఇంకోటి, కొన్నిటిలో నాలుగోది. హార్డ్‌బోర్డు గరుకు వైపున, ట్యూబులోంచి వచ్చిన రంగును మరో రంగు కలపకుండా, కత్తితో పరిచేవాడు. ఆ చతురస్రాలు ఒకదాని నడిమధ్యన ఒకటి ఉండవు, కిందికి జరిగి ఉంటాయి. కింద వదిలిన జాగా ఒక పాలైతే, పక్కల రెండేసి పాళ్లు, పైన మూడు పాళ్లు. పది అంగుళాల చతురస్రంలో ఎనిమిది అంగుళాలది కూర్చోబెట్టాలంటే కింద అరంగుళం, పక్కల అంగుళం చొప్పున, పైన అంగుళమున్నర.

ఈ చిన్న లెక్కతోనే బొమ్మకు నేల వచ్చేసింది. నడిమధ్యన ఉంటే గురి చూసి కొట్టే పలకలా ఉండేది. కిందికి జరిగేసరికి చతురస్రాలు నేల మీద ఆని నిలబడ్డాయి. గుడిలో ధ్వజస్తంభం దగ్గర నిలబడి లోపలికి చూసిన అనుభవం గుర్తు చేసుకోండి. ముఖమండపం ద్వారం, దాని లోపల అంతరాళం ద్వారం, దాని లోపల గర్భగుడి గడప. ద్వారంలో ద్వారం, అన్నిటికీ నేల ఒక్కటే. లోపలి చతురస్రం ముదురు రంగులో ఉంటే మనల్ని లోపలికి లాక్కుంటుంది. పసుపు రంగులో ఉంటే దీపం పెట్టిన గదిలా ముందుకు వస్తుంది. గుడి పోలిక నాది, ఆల్బర్స్‌ది కాదు. అతనికి ముఖ్యం రంగు పక్కన రంగు చేరితే కంట్లో ఏం జరుగుతుందన్నదే. ప్రతి చతురస్రాన్నీ కిటికీ అనో తలుపు అనో పేరు పెట్టేయడం కూడా తొందరపాటే. ఆ బొమ్మ మన కాళ్లకు నేల ఇస్తుందా, ముందుకో వెనక్కో అడుగు వేయిస్తుందా అన్నదే చూడాలి. ఇస్తే అందులో చోటు ఉన్నట్టు. లేకపోతే అది ఇంకేదో మంచి బొమ్మ అయివుండొచ్చు, దాన్ని ఇంకోరకంగా చూడాలి.

నస్రీన్ డ్రాయింగ్ బల్ల

ఇక నేను అసలు చెప్పాలనుకున్న ఇద్దరి దగ్గరికి వస్తాను. ఇద్దరూ 1937లోనే పుట్టారు. ఒకరు కరాచీలో పుట్టి ఇటు వచ్చారు. ఇంకొకరు అలీగఢ్‌లో పుట్టారు, ఆమె కుటుంబం తర్వాత కరాచీ వెళ్లిపోయింది.

నస్రీన్ మొహమ్మదీ చిన్నప్పుడే కుటుంబంతో ముంబై చేరారు. లండన్ సెయింట్ మార్టిన్స్‌లో, ఆ తర్వాత పారిస్‌లో చదువుకున్నారు. ముంబైలో వి.ఎస్. గాయ్‌తోండే వంటి పెద్ద చిత్రకారుల సాన్నిహిత్యం దొరికింది. 1972లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో ఉపాధ్యాయురాలిగా చేరారు. అంతకు కొన్నేళ్ల ముందు మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ చదువుకున్నదీ అక్కడే. మొదట్లో ఆమె కాగితం మీద చెట్లు, అలలు లీలగా తెలిసేవి. బరోడా రోజుల్లో అవన్నీ తప్పుకుని గీతలు మిగిలాయి.

ఆమె వాడింది కుంచె కాదు, భవనాల ప్లాను గీసేవాళ్ల సామాను. డ్రాయింగ్ బల్ల, స్కేళ్లు, సెట్‌స్క్వేర్లు, పెన్సిలు, ఇంకు పెన్ను. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినవాళ్లకు ఆ పెన్ను సంగతి తెలుసు. చెయ్యి ఒకే వేగంతో కదలాలి. ఒక్క క్షణం ఆగితే ఇంకు బొట్టు నిలబడిపోతుంది, వేగం పెరిగితే గీత పాలిపోతుంది. రెండడుగుల కాగితం మీద అలాంటి గీతలు వందల కొద్దీ గీయడం అంటే ఊపిరి పట్టి చేసే పని.

డెబ్భైల నాటి ఆమె గీతచిత్రాన్ని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. కాగితం ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డగీతలు. కొన్ని వేలెడు దూరంలో, కొన్ని వెంట్రుక దూరంలో. గీతలు దగ్గరపడ్డ చోట బూడిదరంగు నీడ పుడుతుంది. నిజానికి అక్కడ బూడిదరంగు ఏమీ లేదు, నల్ల ఇంకూ తెల్ల కాగితమూ తప్ప. వాటి మీదుగా సన్నటి ఏటవాలు గీతలు వెళ్తాయి. నాలుగడుగుల దూరంలో ఉంటే అది చప్టా. ఎండ ఏటవాలుగా పడిన పెద్ద రాతి చప్టా, దాని చివర దిగుడు మెట్లు. ఒకడుగు ముందుకు వేస్తే మెట్లు పోయి మగ్గం మీద పడుగు అవుతుంది. మొహం కాగితం దగ్గరికి తీసుకెళ్తే గీతలు గీతలుగా విడిపోతాయి. ఒకే కాగితం మీద మూడు కొలతల చోటు. ఏది నిజమని తేల్చకుండా ముందుకూ వెనక్కూ నడుస్తుండడమే ఆ బొమ్మను చూడడం.

ఆ చప్టా నా ఊహ మాత్రమే కాదు. నస్రీన్ ఫొటోలు తీసేవారు. బతికి ఉండగా వాటిని ప్రదర్శనకు పెట్టలేదు. ఆమె పోయాకే బయటికి వచ్చాయి. వాటిలో ఫతేపూర్ సిక్రీ ఉంది, మగ్గం మీద నూలు ఉంది, సముద్రం వెనక్కి తగ్గిన తీరం ఉంది. ఫతేపూర్ సిక్రీ 1571లో అక్బర్ కట్టించడం మొదలుపెట్టిన ఎర్రరాతి నగరం. అక్కడి పంచమహల్‌లో 176 స్తంభాలు. కింది అంతస్తులో 84, దాని పైన 56, తర్వాత 20, ఆపైన 12, చిట్టచివర నాలుగే. గోడలు పెద్దగా లేకుండా స్తంభాల లెక్కతోనే పైకి తగ్గుతూ పోయిన మేడ. ఇలాంటి చోటికి ఎవరు వెళ్లినా కెమెరా పైకెత్తుతారు. నస్రీన్ కెమెరాను నేలకు దించారు. రాతిపలకల అతుకులు, మెట్టు అంచు, నీటిని తాకే రాయి, వాటి మీద నీడ. భవనం ఏదో గుర్తుపట్టడానికి వీల్లేనంత దగ్గరగా తీశారు. గీతచిత్రాల్లో ఆ ఫొటోలను ఎక్కడా దించలేదు. కానీ ఆ నేల మీద నడిచిన పాదం ఆ గీతల్లో ఉంది. అందుకే అవి చల్లగా, ఖాళీగా ఉన్నా బెదరగొట్టవు.

ఎనభైల్లో గీతలు ఇంకా తగ్గాయి. కాగితం చాలామటుకు తెల్లగా మిగిలింది. సన్నటి ఏటవాలు దూలం ఒకటి, దానికి అడ్డంగా మరొకటి, ఎక్కడా ఆనకుండా నిలబడతాయి. గోడే లేకుండా బయటికి చాచిన సజ్జాలా ఉంటాయి. ఆ రోజుల్లో ఆమెకు నరాల జబ్బు ముదిరింది. శరీరం మాట వినడం తగ్గిపోతూ వచ్చింది. కాగితం మీద గీత మాత్రం వణకలేదు. ఆ తెల్లదనంలో తేలే దూలాలను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది.

1990లో, 53వ ఏట, మహారాష్ట్ర తీరంలోని కిహిమ్‌లో కన్నుమూశారు. 2016 మార్చిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖ మెట్ బ్రాయర్‌ను తెరిచింది. మార్సెల్ బ్రాయర్ 1966లో కట్టిన ఆ భవనంలో తొలి ప్రదర్శనల్లో ఒకటి నస్రీన్‌ది. పారిస్‌కో న్యూయార్క్‌కో చెందిన మరెవరి గీతలకన్నా మన బరోడా ఉపాధ్యాయురాలి గీతలే ఆ గోడలకు సరిగ్గా అమిరాయని నా నమ్మకం.

తొమ్మిది ఇళ్లు, ముప్ఫై ఆరు మాటలు

రెండో ఆమె జరీనా హష్మీ. బొమ్మల మీద పేరు జరీనా అనే ఉంటుంది. నాన్న అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. ఆమె 1958లో అక్కడే గణితంలో డిగ్రీ తీసుకున్నారు. పెళ్లయింది దౌత్యవేత్తతో. దాంతో బ్యాంకాక్, పారిస్, బాన్, టోక్యో, ఇలా ఊళ్లు మారుతూ చివరికి న్యూయార్క్ చేరారు. చెక్క అచ్చులు చెక్కడం బ్యాంకాక్‌లో మొదలైంది. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ దగ్గర రాగి పలక మీద గీత చెక్కడం నేర్చుకున్నారు.

నస్రీన్ గీతల్లో నేలను మనం కనిపెట్టాలి. జరీనా నేరుగా ప్లానే గీశారు. 1997 నాటి 'నేను కూర్చుకున్న ఇళ్లు, తొమ్మిది గీతల్లో ఒక జీవితం' అనే వరుసలో తొమ్మిది ముద్రలు ఉన్నాయి. తాను కాపురం ఉన్న ఇళ్ల ప్లానులు అవి. గోడ ఉన్నచోట నల్ల గీత, తలుపు ఉన్నచోట గీత తెగుతుంది. కుర్చీ లేదు, మంచం లేదు, మనిషి లేరు. మున్సిపాలిటీకి ఇచ్చే ప్లానుకూ దీనికీ తేడా ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఆ ప్లాను రాబోయే ఇంటికి. జరీనా గీసినవి వదిలేసి వచ్చిన ఇళ్లవి. మేస్త్రీ పోసిన ముగ్గులో అమ్మ రేపటి వంటింటిని చూసింది. జరీనా ముగ్గులో ఉన్నది తిరిగి వెళ్లలేని వంటిల్లు. గీతలు రెండుచోట్లా ఒకలాంటివే.

1999లో ఆమె 36 చెక్క అచ్చుల వరుస చేశారు. 'ఇల్లు పరాయి చోటు' అని చెప్పుకోవచ్చు దాని పేరును. ముందు మాటలు వచ్చాయి, బొమ్మలు తర్వాత. ఇల్లు అనగానే తనకు తోచిన ఉర్దూ మాటలు జాబితా రాసుకుని, అందమైన నస్తాలిఖ్ దస్తూరీలో రాయించి, ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ చెక్కారు. ఇల్లు, గడప, తలుపు, ముంగిలి, గోడ, దూరం, సరిహద్దు. 'ఘర్' అనే మొదటి మాటకు అలీగఢ్ ఇంటి ప్లాను ఉంటుంది. మిగతావాటిలో చాలామటుకు కొద్దిపాటి గీతలూ నల్లటి పలకలూనే. మాట పక్కన లేకపోతే జ్యామితి, మాట చదివితే ఇల్లు.

తెలుగువాళ్లు ఈ వరుసను దగ్గరగా చూడాలని నా కోరిక. ఆ మాటల్లో కొన్ని మన ఇంట్లోవే. తెలంగాణలో తలుపును ఇప్పటికీ దర్వాజ అనే అంటారు. ఉర్దూలోని సర్‌హద్ మన నోట సరిహద్దు అయింది. జరీనా చెక్కిన దర్వాజా ముందు నిలబడితే కరీంనగర్ ముసలమ్మకు అనువాదం అక్కర్లేదు.

సరిహద్దు అన్న మాట ఆమెను అక్కడితో వదల్లేదు. 2001లో 'విభజన రేఖ' చెక్కారు. పాలిపోయిన కాగితం మీద పైనుంచి కిందికి వంకరటింకరగా ఒకే ఒక నల్ల గీత. అంతకుముందెన్నడూ ఇటు రాని సిరిల్ రాడ్‌క్లిఫ్ 1947 జులైలో వచ్చి, అయిదు వారాల్లో గీసి ఇచ్చి వెళ్లిన సరిహద్దు అది. ఆ గీత ఎక్కడ పడిందో ఆగస్టు 17న గానీ జనానికి తెలియలేదు. జరీనాకు అప్పుడు పదేళ్లు.

చెక్క అచ్చు పని తెలిసినవాళ్లకు ఈ బొమ్మ మరింత గుచ్చుకుంటుంది. చెక్కలో ఎత్తుగా మిగిలిన చోటే ఇంకు అంటి కాగితం మీద పడుతుంది, తవ్వేసిన చోటు తెల్లగా వస్తుంది. కాబట్టి ఆ ఒక్క గీత నిలబడాలంటే దానికి ఇటువైపు నేలనూ అటువైపు నేలనూ ఉలితో తవ్వి పారేయాలి. జరీనా ఆ పని తన చేత్తో చేశారు. 2020లో లండన్‌లో కన్నుమూశారు.

మళ్లీ నస్రీన్ దగ్గరికి వస్తే, ఆమె గీతల్లో గణనీయమైన భాగం ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం సేకరణలో ఉంది. అటు వెళ్లే పని పడితే, అవి ప్రదర్శనలో ఉంటే, తప్పకుండా చూడండి. పక్కనున్న చీటీలో జవాబు వెతకొద్దు. ఆమె తన బొమ్మలకు పేర్లు పెట్టలేదు, తేదీలూ వేయలేదు. చీటీ మీద 'శీర్షిక లేదు' అని ఉంటుంది. నాలుగడుగుల వెనక నుంచి మొదలుపెట్టి మెల్లగా దగ్గరికి నడవండి. మీ పాదాలకు నేల తగిలేదాకా అక్కణ్నుంచి కదలకండి.

అంతదూరం వెళ్లలేకపోతే ఫర్వాలేదు. మీ వీధిలో ఎవరింటికైనా ముగ్గు పోస్తున్న రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. గీతలు తొక్కకుండా నడవమనండి. వంటిల్లు ఎక్కడో, కిటికీ ఎటు ఉండాలో వాళ్లనే చెప్పనివ్వండి.